ఉప్పునీళ్ళ కరెంటు

ఉచ్చతో కరెంటు పుడుతుందని నేను చెప్పినప్పుడు మా ఊళ్ళో ఎవరూ నోరెళ్ళబెట్టలేదు. "ఎంతసేపు ఇస్తారు పాపా? పగలా, రాత్రా?" అని మాత్రం అడిగారు. మోటారుకు కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక పొలాల్లో పడిగాపులు కాసే మనుషులు. కరెంటు ఎక్కడ పుడితే వాళ్ళకేం, ఎంతసేపు ఉంటుందన్నదే ముఖ్యం.

"ఒక్క పరీక్షకు సరిపోయేంత వస్తాది" అన్నాను.

"ఆ మాత్రం దానికి మేం పోయల్లనా?" అన్నాడు నాకు పెదనాయన వరసయ్యే ఒకాయన. పాలకేంద్రం వసారా అంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ప్లాస్టిక్ కప్పు పెట్టేశాను. నాకు సిగ్గు తక్కువ. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది, అది మా నాయన నాకిచ్చిన ఆస్తి.

నేను బత్తలపల్లెలో ఒక చిన్న ల్యాబులో పనిచేస్తాను. రక్తం, మూత్రం, కఫం, మనిషి ఒంట్లోంచి వచ్చేదేదీ నాకు అసహ్యం కాదు. పుట్టిన ఊరు అక్కడికి దగ్గరే. స్కూటీ ఎక్కితే ధర్మవరం రోడ్డు మీద కొంత దూరం, ఆ తరువాత మట్టిదారి. పెళ్ళయి బత్తలపల్లెకు వచ్చినా వారానికోసారైనా అమ్మానాయనల దగ్గరికి వెళ్ళి, సంగటి తిని, నాయనతో పోట్లాడి రాకపోతే నాకు తోచదు.

ఆ కార్డు సంగతి చెప్పాలి. అరచేతిలో సగం ఉంటుంది. చూడ్డానికి మామూలు అట్టముక్క. లోపల పల్చటి రేకులు రెండు, వాటి మధ్య ఒక కాగితం. ఆ కాగితం తడిసి, తడిలో కాస్త ఉప్పు ఉంటే చాలు, రేకుల మధ్య కరెంటు పుడుతుంది. ముందు మూలన ఒక నీలం చుక్క కనిపిస్తుంది. కార్డు నిద్ర లేచిందని దానర్థం. చుక్క పక్కన చిన్న కిటికీ ఉంటుంది. అది తెల్లగానే ఉండిపోతే కిడ్నీలు బాగున్నట్టు. నల్లబడితే మూత్రంలో పోకూడని ప్రోటీను పోతున్నట్టు. బ్యాటరీ లేదు, చార్జింగు లేదు, ఫోనుతో పని లేదు. పరీక్షకు తెచ్చిన మూత్రమే దానికి పెట్రోలు. చూసి పారేయడమే.

ఇలాంటి కార్డు ఇంకా బజారులోకి రాలేదు. బెంగళూరులో కొందరు ఇంజినీర్లు కలిసి చేశారు. పల్లెల్లో వాడి చూడాలని వాళ్ళు మా ల్యాబును అడిగినప్పుడు నేనే ముందుకొచ్చాను. మా ల్యాబులో కరెంటు పోతే మిషను ఆగిపోతుంది. పల్లె నుంచి ఎవరైనా సీసాలో పట్టుకొచ్చిన మూత్రం ఎండకు బస్సులోనే పాడైపోతుంది. అసలు ల్యాబు గడప తొక్కని వాళ్ళే ఎక్కువ. ఎండలో పొద్దంతా పనిచేసి, తాగాల్సినన్ని నీళ్ళు తాగక, మోకాళ్ళ నొప్పికీ నడుం నొప్పికీ మందుల షాపులో ఇచ్చిన రంగు మాత్రలు మింగి, కాళ్ళు ఉబ్బాక అప్పుడు వస్తారు. అప్పటికి నా మిషను చెప్పేదంతా ఆలస్యంగా చెప్పినట్టే. ఈ కార్డు ఆ ఆలస్యాన్ని తప్పిస్తుందని చూసిన రోజే నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

కార్డు ఎలా వాడాలో నేర్పడానికి బెంగళూరు నుంచి ఒక ఇంజినీరమ్మాయి వచ్చింది. సగం కన్నడం, సగం తెలుగు. కార్డును ముందు మినరల్ వాటర్‌లో ముంచి చూపించింది. చుక్క రాలేదు. "నీళ్ళతో ఇది లేవదు అక్కా. చుక్క వచ్చిందంటే మూత్రమే" అంది. తరువాత నియమం చెప్పింది. మూత్రం కప్పులో తీసుకోవాలి, కార్డు నేనే ముంచాలి, చుక్కా కిటికీ నేనే చూడాలి, వాళ్ళను చూసుకోనివ్వకూడదు. నేను తలూపాను. ల్యాబులో రోజూ చేసేదే కదా అనుకున్నాను.

మొదట మా ఊరితోనే మొదలుపెట్టాను. పొద్దున పాలు పోయడానికి అందరూ వచ్చే చోటు కాబట్టి పాలకేంద్రం వసారాలో బల్ల వేశాను. పక్కనే పాలకు డిగ్రీ పట్టే మిషను. "పాలల్లో నీళ్ళు కలిపితే ఆ మిషను పట్టేస్తాది. నీ కార్డు ఏం పడతాది పాపా?" అని ఒకరు, "మాకు గూడా వెన్న శాతం చెప్తావా?" అని ఇంకొకరు. ఆడవాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళి కప్పులు తెచ్చి నా ముందు పెట్టి పోయారు. మగవాళ్ళు మాత్రం కప్పు మీద ఏదో ఒక ఆకు కప్పి, మొహం పక్కకు తిప్పుకొని తెచ్చారు. బల్ల మీద పెట్టి, నా వైపు చూడకుండా పాలక్యాన్లు తీసుకొని వెళ్ళిపోయారు. సిగ్గుపడుతున్నారులే అని నేనూ ఆకు ఎత్తి చూడలేదు. ఆకు పక్కనుంచి కార్డు లోపలికి దించి, తీసి, చుక్క చూసి, కిటికీ చూశాను.

ఆడవాళ్ళలో కొందరి కిటికీలు బూడిదరంగుకు తిరిగాయి, ప్రోటీను కొద్దిగా పోతున్నట్టు; వాళ్ళను ల్యాబుకు రమ్మన్నాను. మగవాళ్ళవన్నీ పాలలా తెల్లగా ఉన్నాయి. ఎండకు మాడి, బీడీలు కాల్చి, రంగు మాత్రలు మింగే మా ఊరి మగవాళ్ళ కిడ్నీలు అంత బాగున్నాయని తెలిసి గర్వపడ్డాను కూడా. రాయలసీమ ఒళ్ళంటే ఇదీ అని మా ల్యాబులో గొప్పలు పోయాను.

మా నాయన పాలకేంద్రానికి రాలేదు. వస్తాడని నేనూ అనుకోలేదు. "నాకేమైందని పరీచ్చ? ఇంకా బోరు పైపులు భుజాన మోస్తాండా" అని అమ్మతో అన్నాడట. అది నిజమే. అరవై దాటినా మనిషి బలంగా ఉంటాడు. కానీ నాకు ఆయన మోకాళ్ళ సంగతి తెలుసు, ఆయన చొక్కా జేబులో ఉండే మాత్రల సంగతీ తెలుసు. అందుకే కార్డు, కప్పు తీసుకొని పొలానికే వెళ్ళాను.

మా పొలంలో బోరు గురించి ఒక మాట. అంతకు ముందు వేసినవన్నీ ఎండిపోతే ఇంకా లోతుకు, ఇంకా లోతుకు దిగి చివరికి దీన్ని పట్టాడు మా నాయన. నీళ్ళు పడ్డాయి, కానీ ఉప్పగా పడ్డాయి. తాగలేం. సబ్బు నురగ రాదు. తొట్టి అంచంతా తెల్లగా పొర కడుతుంది. తాగడానికి ఊళ్ళో ఫిల్టరు నీళ్ళ క్యాను తెచ్చుకుంటాం. అయినా ఆ బోరంటే ఆయనకు పంచప్రాణాలు. ఎవరైనా ఉప్పునీళ్ళు అంటే, "నీళ్ళు నీళ్ళే గదప్పా, శెనక్కాయ తాగుతాంది గదా" అని మీదికి పోతాడు.

ఆ రోజు మోటారు ఆడుతోంది. నాయన తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. నేను కప్పు చూపించగానే మొహం చిట్లించాడు. అరిచాను. ఆయనా అరిచాడు. చివరికి, "నువ్వు ఇంటికి పోవా ఏం? సరే, తే" అని కప్పు లాక్కొని మోటారు షెడ్డు వెనక్కి వెళ్ళాడు. కాసేపటికి కప్పు మీద ఆముదం ఆకు కప్పుకొని వచ్చాడు. తొట్టి గట్టు మీద పెట్టి, దూరంగా జరిగి, నాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

రోజూ ఎందరివో చూసే నేను, ఆ ఆకు ఎత్తలేకపోయాను. మా నాయన కదా. నేనూ మొహం తిప్పుకొని, ఆకు కిందనుంచి కార్డు దించి తీశాను. చుక్క వచ్చింది. కిటికీ తెల్లగా ఉంది. ఎంతసేపు చూసినా తెల్లగానే ఉంది.

"సూడు! నాకేమీ ల్యా అని చెప్తానే ఉండా గదా" అని కార్డు నా చేతిలోంచి తీసుకొని జేబులో వేసుకున్నాడు. నా గుండెలోంచి బండ దిగినట్టయింది. ఇంటికి వెళుతూ దారంతా కూనిరాగం తీశాను.

ఆ తరువాత వెళ్ళినప్పుడు అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. "మీ నాయన మొగం పొద్దున లేస్తానే ఉబ్బి ఉంటాది. మద్దేనానికి దిగిపోతాది. కాళ్ళకు చెప్పులు బిగుసుకుంటాండాయి. అడిగితే, కార్డే చెప్పింది నాకేమీ ల్యా, నువ్వెవరు చెప్పేకి అంటాడు" అంది.

"కార్డు బాగుండాదనే చూపిచ్చింది గదమ్మా" అన్నాను. చెప్పాను కానీ నా మాట నాకే రుచించలేదు. ఉబ్బిన మొహం నేనూ చూశాను. కార్డును నమ్మితే అమ్మ కళ్ళు అబద్ధం. అమ్మ కళ్ళను నమ్మితే కార్డు అబద్ధం. రెంటిలో ఏదీ అబద్ధమని అనడం నాకు ఇష్టం లేదు.

బయలుదేరుతుంటే అమ్మ బొట్టు పెట్టడానికి కుంకుమ భరిణ కోసం దేవుని గూటి దగ్గరికి వెళ్ళింది. మా ఇంట్లో ఆడబిడ్డ గడప దాటుతుంటే కుంకుమ పెట్టకుండా పంపరు. నేనూ వెనకే వెళ్ళాను. గూట్లో దీపం, పూలు, విభూతి. విభూతి పక్కన, దేవుడి పటానికి ఆనించి, కార్డు. నీలం చుక్కతో, తెల్ల కిటికీతో, మా నాయన కార్డు.

"ఇదేందిమా ఈడ?"

"మీ నాయనే పెట్టినాడు. మంచి మాట చెప్పిన కాగితం గదా, దేవుని కాడ ఉండనీ అన్నాడు" అంది అమ్మ, మామూలుగా.

మా నాయన బయట ఒంటికి పోయి వస్తే కాళ్ళు కడుక్కోకుండా వాకిట్లోకి కూడా రాడు. స్నానం చేయకుండా ఆ గూటి వైపు చూడడు. నా కూతురు పొరపాటున తడిపిన దుప్పటి ఆ గదిలో ఉందని ఒకసారి ఇల్లంతా కడిగించాడు. అలాంటి మనిషి, తన ఉచ్చలో ముంచిన కార్డును తీసుకెళ్ళి దేవుడికి ఆనించి పెడతాడా? పెట్టడు. పెట్టాడంటే అది ఉచ్చలో మునగలేదు.

మరి చుక్క ఎలా వచ్చింది?

బొట్టు పెట్టించుకోకుండానే పెరట్లోకి పరుగెత్తాను. ఇంటికీ ఆ బోరు నీళ్ళే పైపుతో వస్తాయి. బకెట్లో నిన్నటి నీళ్ళు ఉన్నాయి, అంచున తెల్లటి గీతతో. సంచిలోంచి కొత్త కార్డు తీసి ముంచాను. ముందు ఏమీ లేదు. తరువాత మూలన నీలం చుక్క మెల్లగా లేచింది, కిటికీ తెల్లగా ఉండిపోయింది. ఇంకో కార్డు తీసి వంటింట్లో క్యాను నీళ్ళలో ముంచాను. చుక్క రాలేదు.

నేను నవ్వాను. నవ్వుతూనే ఒళ్ళు మండిపోయింది. బెంగళూరు సీసా నీళ్ళకు లేవని కార్డు మా ఊరి బోరు నీళ్ళకు లేచి కూర్చుంది. భూమి అడుగు నుంచి తోడిన ఆ నీళ్ళలో ఉన్న ఉప్పు దానికి చాలింది. పాలకేంద్రం వసారాలో ఆకులు కప్పుకొని వచ్చిన కప్పులన్నీ కళ్ళ ముందు కదిలాయి. వసారా పక్కన పంచాయతీ కొళాయి ఉంది. అదీ ఉప్పునీళ్ళ బోరే. పాలల్లో నీళ్ళు కలపకూడదని తెలిసిన మా ఊరి మగవాళ్ళు, ఈసారి కలపడం కూడా మానేసి ఉత్త నీళ్ళే పోసిపోయారు. వాళ్ళ కిడ్నీల గురించి నేను పోయిన గొప్పలన్నీ పంచాయతీ బోరు గొప్పలే.

"ఏమైంది?" అంది అమ్మ, భరిణ పట్టుకొని.

"నాయన యాడుండాడు?" అన్నాను.

పొలంలో ఉన్నాడు. తొట్టి గట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకున్నాడు. అంత దూరం నుంచే ఆ కాళ్ళ వాపు కనిపించింది. నేను స్కూటీ దిగకుండానే అరిచాను.

"నాయనా, ఆ పొద్దు కప్పులో ఏం పోసినావు?"

"ఏం పోచ్చారు? పొయ్యమన్నిదే పోసినా."

"ఉచ్చ కార్డును దేవుని గూట్లో పెట్టినావా మరి?"

మా నాయన చూపు తొట్టి మీదికి పోయింది, మోటారు మీదికి పోయింది, నా మీదికి మాత్రం రాలేదు. గొణిగాడు. "బోరు నీళ్ళు పోసినా. అది ఎలిగింది. నేనేం జెయ్యల్ల?" ఆ మాటలో కాస్త గర్వం కూడా వినపడింది. తన బోరు నీళ్ళకు కరెంటు పుట్టిందాయె.

"ఎందుకు పోసినావు? నాకు చెప్పు. నన్ను ఎర్రిదాన్ని జేసేకా?"

"గట్టిగా మాట్లాడొద్దు."

"మాట్లాడతా. అమ్మ ఏడుస్తాంది ఆడ. నీ మొగం సూసుకున్నావా అద్దంలో? నీ కాళ్ళు సూసుకున్నావా? ఎందుకు పోసినావు?"

అప్పుడు ఆయన తల ఎత్తాడు. ఆయనకూ కోపం వచ్చింది, కానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నువ్వు మా ఇంటి ఆడబిడ్డవి. పండగ పూట నీ చేతిలో పసుపూకుంకుమ పెట్టేటోన్ని నేను. నీ పెండ్లిలో నీ మొగుని కాళ్ళు కడిగినోన్ని. అదే చేతిలో నా ఉచ్చ పెట్టల్లనా? నువ్వు దాన్ని పట్టుకొని సూడల్లనా? నా వల్ల కాదు పాపా. సచ్చినా కాదు. నేనే గాదు, ఊళ్ళో ఎవురూ పెట్టరు నీ చేతిలో. ఆడబిడ్డవి నువ్వు ఊరికంతా."

ఈ సంగతి నాకు అంతవరకూ తట్టనే లేదు. ల్యాబులో నేను టెక్నీషియన్ని. ఊళ్ళో ఆడబిడ్డని. ఆకు కప్పింది సిగ్గు కాదు, మర్యాద. ఆ మర్యాద వల్లే మా నాయన కిడ్నీ లోపల ఏం జరుగుతోందో ఆకు కిందే ఉండిపోయింది. ఏడవాలో తిట్టాలో తెలియక తొట్టి గట్టు మీద ఆయన పక్కనే కూలబడ్డాను. ఈ మనిషిని నేను పోగొట్టుకోను అనుకున్నాను. మర్యాదకు ఇచ్చుకోవడానికి నా దగ్గర ఇంకో నాయన లేడు.

అప్పుడు సంచిలో చేయి పెడితే కార్డు తగిలింది. దాన్ని తిప్పి చూశాను. కరెంటు దానిదే. చూపించేదీ అదే. పారేయడమే. మధ్యలో నా చేయి ఎందుకు? మిషనుకైతే నేను కావాలి. దీనికి నేను అక్కర్లేదు. నియమం పెట్టినవాళ్ళు బెంగళూరులో ఉన్నారు, నేను మా పొలంలో ఉన్నాను. నియమాన్ని అక్కడే ఆ నిమిషంలో మార్చేశాను.

"నాయనా, కప్పు వద్దు. నా చేతిలో ఏమీ పెట్టొద్దు. ఈ కార్డు నువ్వే తీసుకొని పో. ఈ కొన మీద నువ్వే పోసుకో. నువ్వే సూడు. చుక్క వస్తాది, దాని పక్కన కిటికీ ఉంటాది. తెల్లగుంటాదో నల్లగయితాదో నాకు నోటితో చెప్పు, సాలు. కార్డును ఆడనే గుంత తీసి పూడ్చు."

"అంతేనా?"

"అంతే."

"అంతేనంటే, ఆ మాట మొదులే చెప్పేకి ఏం నొప్పి నీకు? కప్పులూ ముంతలూ అని ఊరు మీద పడితివి!" అని నన్నే తిట్టి, కార్డు తీసుకొని షెడ్డు వెనక్కి వెళ్ళాడు.

ఆయన వెళ్ళాక మోటారు ఆగిపోయింది. కరెంటు పోయింది. పైపులోంచి నీళ్ళు సన్నబడి, చుక్కలై, నిలిచిపోయాయి. పొలమంతా చప్పుడు లేదు. మా నాయన ఎంతకీ రాలేదు. నేను లేచి పిలవలేదు, కానీ అక్కడికి వెళ్ళాలని కాళ్ళు లాగాయి.

చివరికి వచ్చాడు. కార్డును పూడ్చలేదు. ఆముదం ఆకు మీద పెట్టుకొని, రెండు చేతులతో పట్టుకొని, ఒలికిపోతుందేమో అన్నట్టు నడిచి వచ్చాడు. తొట్టి గట్టు మీద పెట్టి వెనక్కి జరిగాడు.

"చుక్క వచ్చింది" అన్నాడు.

"కిటికీ?"

నేను వంగి చూశాను. కిటికీ మసి పట్టిన గిన్నె అడుగులా ఉంది.

ఆలోచించలేదు, కార్డు చేతిలోకి తీసుకున్నాను. వెలుతురుకు పట్టుకొని బాగా చూడాలి కదా. "ముట్టుకోవద్దు! ముట్టుకోవద్దంటి గదా!" అని మా నాయన అరిచాడు, నేను నిప్పు పట్టుకున్నట్టు.

నాకు ఎక్కడలేని కోపం పొంగింది. "అమ్మ శెనక్కాయ పెరికేకి పోయినప్పుడు నా ముడ్డి కడిగినోనివి నువ్వు గాదా? గట్టు మీద కూసోబెట్టి, ఈ తొట్టి కాడనే కడిగినావంట గదా, ఊరంతా చెప్తావు! అప్పుడు నీ చెయ్యేం పోయింది? నాకు మాత్రం ఈ మడి ఎందుకు పెడతాండావు నాయనా?"

మా నాయన తొట్టిలో చెంబు ముంచి, నా దగ్గరికి వచ్చి, "చెయ్యి పట్టు" అన్నాడు. కార్డు ఆకు మీద పెట్టి చేతులు చాచాను. నీళ్ళు పోశాడు. ఆ ఉప్పునీళ్ళే. తన జేబులోంచి సబ్బు ముక్క తీసి ఇచ్చాడు. నురగ రాలేదు, ఎప్పుడూ రాదు. మళ్ళీ పోశాడు, మళ్ళీ పోశాడు. నీళ్ళు నా చేతుల మీద సగం, చీర మీద సగం పడుతున్నాయి.

"భయమయితాంది పాపా" అన్నాడు.

మా నాయన ఆ మాట అనగా నేను ఎప్పుడూ వినలేదు. బోర్లు ఎండినా అనలేదు. నాకూ భయమేసింది. కానీ ఆయన ముందు భయం చూపించలేదు, నేనూ ఆయన కూతుర్నే. "నేనుండా గదా నాయనా. బిరీన పట్టుకున్నాం దీన్ని. ఆ రంగు మాత్రలు ఈడ పెట్టు ముందు" అన్నాను. జేబులోంచి మాత్రల పట్టీ తీసి నా చేతిలో పెట్టాడు. దాన్ని విరిచి ముక్కలు చేసి సంచిలో వేసుకున్నాను.

మరునాడు పొద్దున్నే అనంతపురం ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరు రక్తం, మూత్రం అన్నీ చూసి, బీపీ చూసి, నొప్పి మాత్రలు పూర్తిగా ఆపించాడు. కిడ్నీ దెబ్బతినడం మొదలైందనీ, ఇంకా చేతిలోనే ఉందనీ చెప్పాడు. ఇంకొన్నాళ్ళు అలాగే మింగి ఉంటే మాట వేరేగా ఉండేదని కూడా చెప్పాడు. మా నాయన ఆ మాట విని నా వైపు తిరిగి, "ఇంగ పోదాం పద, బోరు కాడ ఎవురూ ల్యారు" అన్నాడు. ఆయన కృతజ్ఞత అలాగే ఉంటుంది.

ఊరికి తిరిగొచ్చి నేను ముందు చేసిన పని, పాలకేంద్రం బల్ల ఎత్తేయడం. కప్పులు మానేశాను. మగవాళ్ళకు కార్డులు చేతికిచ్చి, "మీ పొలంలో మీరే సూసుకోండి, నల్లగయితే నాకు నోటితో చెప్పండి" అన్నాను. "ఈసారి బోరు నీళ్ళు పోసినారంటే, మీ కార్డు గాదు, మీ బోరు ఎండల్ల" అని కూడా అన్నాను. పెదనాయన మొహం ఎర్రబడింది. ఆయన కార్డూ నల్లబడింది తరువాత. ఇద్దరు ముగ్గురు చీకటి పడే వేళకు, ఎవరూ లేనప్పుడు స్కూటీ ఆపి, "పాపా, మాది గూడా నల్లగుండాది" అని నెమ్మదిగా చెప్పారు. వాళ్ళనందరినీ ల్యాబుకు రప్పించాను. నా చేయి పడని చోటికి ఆ కార్డు వెళ్ళింది. దాని గొప్పతనం అదేనని నాకిప్పుడు తెలుసు.

బెంగళూరు అమ్మాయికి ఫోను చేసి నియమం మార్చానని చెప్పాను. ఎందుకో చెప్పాను. మొదట ఆ అమ్మాయి ఫోనులోనే పడీపడీ నవ్వింది. తరువాత నవ్వు ఆపి, "అక్కా, ఆ నీళ్ళు ఒక సీసా పంపిస్తారా?" అంది. మా నాయన స్వయంగా సీసా కడిగి నింపి ఇచ్చాడు. "నా బోరు నీళ్ళు బెంగళూరు పోతాండాయి" అని ఊరంతా చెప్పుకున్నాడు. ఇప్పుడొచ్చే కార్డుల్లో రెండో చుక్క ఒకటి ఉంది. మూత్రమైతేనే వస్తుంది, నీళ్ళకు రాదు. నేను దాన్ని మా నాయన చుక్క అంటాను.

మొన్న వెళ్ళినప్పుడు నాయన పొలం నుంచి రావడం వాకిట్లోంచి చూశాను. వాపు లేని మొహం. చెప్పులు కాళ్ళకు వదులుగా ఉన్నాయి. గేటు దాటి సరాసరి నా దగ్గరికి వచ్చి చేయి చాచాడు. చేతిలో కార్డు. ఆకు లేదు. నా అరచేతిలో పెట్టాడు. రెండు చుక్కలూ ఉన్నాయి. కిటికీ మరీ తెల్లగా లేదు, పల్చటి బూడిదరంగులో ఉంది. ఒకప్పటి ఆ మసి లేదు.

నాకు ఎంత సంతోషం వేసిందంటే ఆయన్ని ఆటపట్టించకుండా ఉండలేకపోయాను. "బాగుండాది నాయనా! దేవుని గూట్లో పెట్టేదా?" అన్నాను.

"ఛీ! నీకేమన్నా తలకాయి తిరిగిందా?" అని మా నాయన ఉలిక్కిపడ్డాడు. "దాన్ని పారేసి చెయ్యి కడుక్కో పో. ఇది నిజంగా నాదే!"